ఇటలీకి పోయేదారిలో పోరుమామిళ్ల

ఇంటిల్లిపాదీ ఇటలీ చూసిరావాలని కర్నూల్లో ఉండే అక్క పట్టుబట్టింది. ఆమె హైస్కూల్లో సోషల్ టీచరు. తమ్ముడిది కడప. ఇరిగేషన్ ఇంజినీరు, ఉద్యోగం చాలావరకు కె.సి. కాలువ మీదే. ప్రయాణానికి అనుకున్నవాళ్లు అక్క, బావ, పదో తరగతి కూతురు, నాలుగో తరగతి కొడుకు, మోకాళ్ల నొప్పులున్న అమ్మ. తమ్ముణ్ణి కూడా రమ్మంటే తను రాననడమే కాదు, మీరూ పోవద్దన్నాడు. ఇక్కడ పరీక్షలన్నీ అయిపోయి ఎండ నలభై రెండు దాటే మే మొదటి పక్షంలో అక్కడ వసంతం. పది రాత్రుల్లో రోమ్, నేపుల్స్, ఫ్లారెన్స్, పీసా, వెనిస్, మిలాన్ చుట్టిరావాలని అక్క కాగితం మీద రాసుకుంది. ఇలాంటి వాదన సీమ ఇళ్లల్లో ఇప్పుడిప్పుడే వినబడుతోంది. మధ్యలో ఒకచోట నేను ఎవరి పక్షమో కూడా చెబుతాను.

తమ్ముడు: పది రాత్రులు, ఆరు ఊర్లు. ఎట్ల కుదిరిస్తివి అక్కా? ఊరు మారిన ప్రతిసారీ పొద్దున్నే పెట్టెలు సర్దల్ల, రూము ఖాళీ చెయ్యల్ల, అమ్మను స్టేషన్ దాకా నడిపించల్ల, దిగినాక మళ్ల కొత్త రూము వెతుక్కోవల్ల. పూటంతా దానికే సరి. కొలోసియం టికెట్టు ఏ పూటకు తీసుకుంటే ఆ పూటకే పోవల్ల. వాటికన్ మ్యూజియం నెలలో చివరి ఆదివారం తప్ప తక్కిన ఆదివారాలు తెరవరు. ఫ్లారెన్స్‌లో ఉఫీజీకి సోమవారం సెలవు. మిలాన్‌లో డావిన్చీ గీసిన గోడబొమ్మ ముందర పావుగంట నిలబడనిస్తారు, ఆ పావుగంటకు వారాల ముందే బుక్ చేసుకోవల్ల. ఇవన్నీ నీ కాగితంలో యాడ ఉండాయి? అవన్నీ అట్లుండనీ, అసలు ఏంటికి పోవల్ల? గండికోటలో పెన్న కొండను చీల్చుకోని పోయే చోట నీ కొడుకు నిమ్మళంగా ఒక సాయంత్రం కూర్చున్నాడా? బెలుం గుహల్లో పాతాళగంగ దాకా దిగినాడా? ఉగాదినాడు దేవుని కడపలో వెంకటేశ్వరస్వామికి ముసల్మానులు టెంకాయ కొట్టేది నీ కూతురు చూసిందా? ఒంటిమిట్టలో రాములవారి కల్యాణం రాత్రిపూట పండువెన్నెల్లో చేస్తారు, యాడా లేని పద్ధతి. మనకు వసంతమంటే అదీ. ఆ డబ్బులో పదో వంతుతో ఇవన్నీ అవుతాయి.

అక్క: అవుతాయి. ఎప్పుడు చేస్తివి మరి? గండికోటకు పోతిమి. అంచున నిలబడి ఫోటోలు తీసుకుంటిమి, తెచ్చుకున్న చిత్రాన్నం తింటిమి, చీకటి పడకముందే వస్తిమి. దగ్గర ఉండాదంటే చూసినట్ల కాదు. యాడాది పొడుగునా పోవచ్చులే అనుకున్న చోటికి మనం ఎప్పటికీ పోము. నువ్వు వసంతమంటాండావు, ఆ నెలల్లో పిల్లోళ్లకు పరీక్షలు, నాకు పేపర్లు దిద్దే పని.

ఇంకోటి చెప్తా విను. మన పక్క నుంచి విమానం ఎక్కినోళ్లంతా ఏంటికి ఎక్కిరి? రాజంపేట, రాయచోటి పక్క ఏ ఊరికి పోయినా కువైట్ డబ్బుతో కట్టిన ఇండ్లు కనపడతాయి. ఆడోళ్లు ఇంటిపనికి, మగోళ్లు డ్రైవర్లుగా పోతిరి. చదువుకున్నోళ్లు కొలువు కోసం అమెరికా పోతిరి. విమానం సంగతి వదిలేయ్. కోసిగి, ఆదోని పక్క పంట పోతే గుంటూరుకు మిరపకాయలు తెంపేకి సుగ్గికి పోతారు, పిల్లోళ్లను వెంటబెట్టుకోని. హాజరు పట్టీలో పేర్లుంటాయి, బెంచీలు ఖాళీగా ఉంటాయి. ఆ పేర్లు చదివి చదివి నాకు తెలిసింది ఒకటే. సీమలో ప్రయాణమంటే బతుకుదెరువు. ఏ పనీ లేకుండా, ఎవరికీ దండం పెట్టకుండా, ఊరికే చూసేకి పోవడం అనేది మన వంశంలో లేదు. నాయన తిరుపతి, మంత్రాలయం దాటి పోలేదు. నా పిల్లోళ్లు ఒక్కసారన్నా లోకాన్ని చూసేకే పోవల్ల. అది విలాసమంటే అనుకో.

తమ్ముడు: విలాసమని నేను అనలేదు. చూసేకి పోతామంటాండావు, మంచిదే. ఏం చూసేకి? నీ కాగితంలో ఊర్ల పేర్లుండాయి, అంతే. ఆ ఊర్లో మనం అడగల్సింది ఏందో లేదు. ఏమీ అడగకుండా పోయినోనికి ఎంత పెద్ద కట్టడమైనా ఒకటే, ఇంకోటి ఏముందని ముందుకు పోతాడు. నేను ఒక చోటు చెప్తా. పోరుమామిళ్ల చెరువు. 1369లో బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు కట్టించె. ఉదయగిరి నుంచి ఏలుతాండె అప్పుడు. అక్కడ ఒక రాతిశాసనం ఉండాది, సంస్కృతంలో. వెయ్యి మంది కూలీలు, నూరు బండ్లు, రెండేండ్లు పని చేస్తే చెరువు ముగిసిందని రాసిపెట్టినారు. చానామంది రాజులు శాసనాల్లో పుణ్యం రాయిస్తారు. ఇందులో పుణ్యంతో పాటు ఇంజినీరింగు ఉండాది. చెరువుకు పన్నెండు అంగాలు ఉండల్లంట. ఆరు దోషాలు ఉండకూడదంట.

అక్క: ఆ ఆరు దోషాలేందో చెప్పు.

తమ్ముడు: కట్టలోంచి నీళ్లు ఊరకూడదు. చౌడునేల కాకూడదు. చెరువు నడుమ మిట్ట ఉండకూడదు. నీళ్లు తక్కువై తడపల్సిన నేల ఎక్కువ కాకూడదు, నేల తక్కువై నీళ్లు ఎక్కువ కాకూడదు. ఇవి ఐదు. ఇంకోటి, రెండు రాజ్యాల సరిహద్దులో చెరువు కట్టకూడదు. ఆ మాట చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు అక్కా. నేను పనిచేసే కాలువకు నీళ్లిచ్చే తుంగభద్రకు పైన కర్ణాటక, ఆ గట్టున తెలంగాణ, ఈ గట్టున మనం. రాజోలిబండ దగ్గర ప్రతి యాడాదీ తగువే. ఆ పొద్దే రాసిపెట్టిన దోషం మన నదికి పుట్టుకతోనే వచ్చింది. ఇక నాలుగో దోషం, నీళ్లు తక్కువ, నేల ఎక్కువ, అది కాలువ చివరి రైతును అడుగు చెప్తాడు. 1863లో మొదలుపెట్టి 1870 కల్లా ఒక ప్రైవేటు కంపెనీ వాళ్లు సుంకేసుల నుంచి కడప దాకా తవ్విరి. పడవలు కూడా నడపాలని తవ్విరి. లాభం రాలేదు, 1882లో సర్కారు కొనె. జపాన్ అప్పు తెచ్చి బాగుచేసినా చివరి మడికి నీళ్లు చేరేది ఇప్పటికీ కష్టమే. ఇదంతా ఇంటిపక్కన పెట్టుకోని రోమ్‌లో ఏం చూస్తావు?

అక్క: ఇదే చూస్తా. నువ్వే దారి చూపిస్తివి. రోమ్ అంటే కొలోసియం అనుకుంటారు అందరూ, నేనూ పాఠంలో అట్లే చెప్తా. ఆ ఊరు పది లక్షల మందితో బతికిందంటే నీళ్లతో బతికింది. ఊరి బయట నుంచి పదకొండు కాలువలు తెచ్చుకున్నారు. క్రీస్తుకు ముందు 19లో అగ్రిప్ప ఒక కాలువ తెచ్చె, ఆక్వా విర్గో అని. ఇరవై కిలోమీటర్ల పైనే, చానామటుకు భూమి లోపలే. 537లో గోతులు ఊరిని ముట్టడించి కాలువలు తెగ్గొట్టిరి. భూమి లోపల ఉండేసరికి ఇది మిగిలె. మధ్యలో పూడిపోతే 1453లో పోప్ బాగుచేయించె. 1762లో ముగిసిన ట్రెవీ ఫౌంటెన్ దగ్గర జనం వీపు తిప్పి నాణేలు వేస్తారే, అందులో పడే నీళ్లు ఆ కాలువవే. రెండు వేల ఏండ్లకు పైగా ఒకటే దారి. నాణెం వేసినోళ్లల్లో ఎంతమందికి తెలుసు? నా పిల్లోళ్లకు తెలియల్ల.

తమ్ముడు: ఫ్రాంటినస్ గురించి తెలుసునా నీకు?

అక్క: తెలీదు.

తమ్ముడు: 97లో రోమ్ చక్రవర్తి అతణ్ణి నీళ్ల అధికారిగా వేసె. మన మాటల్లో చీఫ్ ఇంజినీరు. అంతకుముందు సేనాధిపతి, బ్రిటన్‌ను ఏలినవాడు. అట్లాంటోడు కాలువల వెంట పోయి చూసి, ఒక్కో కాలువకు ఎంత నీళ్లొస్తాయి, ఎంత పంచుతాండారు అని లెక్క తీసి పుస్తకం రాసె. కాగితాల్లో ఉండే లెక్క ఒకటి, కాలువలో ఉండే నీళ్లు ఒకటి అని తేలె. కాలువలకు, గొట్టాలకు దొంగతనంగా బెజ్జాలు పెట్టి తీసుకుంటాండారని, నీళ్లు పంచే మనుషులే లంచాలు తింటాండారని రాసె. చదువుతాంటే మన షట్టర్ల దగ్గర రాత్రిపూట జరిగేదే చదివినట్లుండె.

అక్క: ఇంత తెలిసినోడివి, ఆ కమానులు కంటితో చూడను అంటావేందిరా? రోమ్ ఊరి చివర కాలువల పార్కు ఉండాది, మెట్రో దిగి నడిచిపోవచ్చు, టికెట్టు లేదు. క్రీస్తు శకం 52లో ముగిసిన క్లాడియా కాలువ కమానులు గడ్డి మధ్యలో వరసగా నిలబడి ఉంటాయి. పిల్లోళ్లు పరుగెత్తుకోవచ్చు, అమ్మ నీడన కూర్చోవచ్చు. ఇంకోటి. ఊరంతా వీధుల్లో ఇనుప కొళాయిలు, రెండు వేల పైనే. రాత్రీ పగలూ నీళ్లు పడతానే ఉంటాయి, ఎవరైనా తాగొచ్చు. కొళాయి మూతి కిందికి వంగి ఉంటాది, ఆ వంపు మీద చిన్న బెజ్జం. మూతిని వేలితో మూస్తే నీళ్లు పై బెజ్జంలోంచి చిమ్ముతాయి, వంగకుండా తాగొచ్చు. ఇరవై లీటర్ల క్యాను కొనుక్కోని తాగే ఇంట్లో పుట్టిన నా కొడుకు ఆ కొళాయికి వేలు అడ్డం పెట్టి తాగల్ల. తాగినాక నన్ను అడగల్ల, మనకు ఏంటికి లేదని.

తమ్ముడు: అడుగుతాడు. అడిగితే నువ్వేం చెప్తావు?

అక్క: నిన్ను అడగమంటా.

ఇంతవరకు వాదన పోదామా వద్దా అని సాగింది. ఇక్కడి నుంచి ఏ ఊరు ఉండాలి, ఏ ఊరు పోవాలి అన్నదాని మీదికి మళ్లింది. మిలాన్, పీసా ఏ తగువూ లేకుండా పోయాయి. నేపుల్స్ పక్కనున్న పాంపే దగ్గర అక్క కాస్త పెనుగులాడింది. 79లో వెసూవియస్ బూడిదలో పూడిన ఊరు అది. ఎగుడుదిగుడు రాతిబాటల మీద గంటల తరబడి అమ్మను నడిపించలేమని తమ్ముడన్నాడు. బూడిదే చూడాలనుకుంటే బనగానపల్లె దగ్గర జ్వాలాపురం ఉందన్నాడు. అక్కడ జుర్రేరు లోయలో మట్టిపొరల నడుమ తెల్లటి బూడిద పొర ఒకటి ఉంది. దాదాపు 74 వేల ఏళ్ల కిందట సుమత్రా దీవిలో టోబా అగ్నిపర్వతం పేలినప్పుడు గాలిలో వచ్చి పడింది. ఆ పొర కిందా పైనా కూడా మనుషులు చెక్కిన రాతిపనిముట్లు దొరికాయని 2007లో పరిశోధకులు ప్రకటించారు. పాంపేలో బూడిద కింద ఊరు ఆగిపోతే, ఇక్కడ బూడిద తర్వాత కూడా మనుషుల జాడ కనిపించింది. అక్క పాంపే కొట్టేసింది. అసలు తగువు ఫ్లారెన్స్ మీద.

తమ్ముడు: ఫ్లారెన్స్ కూడా తియ్యి. రోమ్‌లో ఆరు రాత్రులు, వెనిస్‌లో నాలుగు. ఒకరోజు టివోలీకి పోయి విల్లా దెస్తే తోటలో ఫౌంటెన్లు చూద్దురు, పంపు లేకుండా కొండవాలుతోనే ఎగజిమ్మేటట్ల పదహారో శతాబ్దంలో కట్టిరి. వెనిస్ మాత్రం తియ్యొద్దు. పడవలెక్కేకి కాదు నేను చెప్పేది. చుట్టూ సముద్రం, తాగేకి చుక్క లేదు. అట్లాంటి చోట వందల ఏండ్లు ఎట్ల బతికిరి? వానతో. ప్రతి బయలులో నడుమ చెక్కుడు రాతి బావి ఉంటాది, ఇప్పుడు మూత వేసి ఉంటారు. ఆ బావి చుట్టూ నేల మీద బెజ్జాలున్న రాళ్లు చూడు. బయలంతా వాటి దిక్కుకు వాలుగా పరిచి ఉంటాది. కింద పెద్ద గుంత, గోడలకు బంకమట్టి మెత్తి లోపలంతా ఇసుక. వాననీళ్లు ఇసుకలో వడగట్టుకోని నడుమ ఉండే ఇటుక బావిలోకి ఊరతాయి. 1884లో గట్టు మీద నుంచి పైపు వచ్చేదాకా ఊరు ఎక్కువగా తాగింది ఆ నీళ్లే. ఇంకుడుగుంత తవ్వేకి మనం సబ్సిడీ అడుగుతాండాం, వాళ్లు వీధినే ఇంకుడుగుంత చేసుకునిరి.

అక్క: వెనిస్ నేనూ తియ్యను, నా కారణం వేరే. 2009 అక్టోబరులో తుంగభద్ర మన ఊరి మీదికి వచ్చినప్పుడు మేము మిద్దె మీద ఉంటిమి. కింద బీరువా మునిగె, నాయన పుస్తకాలన్నీ పోయె. కరువు సీమ అనుకునే ఊర్లో పడవలు తిరిగె. 2021లో చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి ఊర్లే కొట్టుకుపోయె. నీళ్లు లేక ఏడ్చేది, నీళ్లొచ్చి ఏడ్చేది రెండూ మనకు తెలుసు. వెనిస్‌కు అట్లాంటివే వచ్చినాయి. 1966లో నీళ్లు 194 సెంటీమీటర్లు లేచె, 2019లో 187. ఆ తర్వాత ఏడాదే సముద్రం నోట్లో ఇనుప తలుపులు లేపి ఆపేది మొదలుపెట్టిరి. దెబ్బ తిన్న ఊరు ఏం చేసిందో చూడల్ల నేను.

ఫ్లారెన్స్ మాత్రం ఉంటాది. నువ్వు చెప్పిందంతా విన్నాక కూడా ఉంటాది.

తమ్ముడు: ఏంటికి? అక్కడ అంతా మ్యూజియాలే. నీ కొడుకు పావుగంటకు విసిగిపోతాడు.

అక్క: నా కూతురు విసిగిపోదు. అది ఎప్పుడు చూసినా బొమ్మలు గీస్తాంటాది. లెక్కల నోటుబుక్కు వెనక చేతులే చేతులు. మన అమ్మ చేయి, పాలాయన చేయి, బస్సు కమ్మీ పట్టుకున్న చేయి. మైకెలాంజిలో చెక్కిన దావీదు కుడిచేయి ఒళ్లుకు మించి పెద్దగా ఉంటాదని, వెనకపక్క నరాలు తేలి ఉంటాయని యాడనో చదివింది. దాని ముందర నిలబడి గీయాలని రెండేండ్ల నుంచి అడుగుతాండాది. నీకు నీళ్ల చింత. నాకూ ఉండాది. దానికి చేతుల చింత. నువ్వే కదరా చెప్పింది, ఏం అడగాలో తెలుసుకోని పోవల్లని. దాని ప్రశ్న అది. నీ ఉద్యోగాన్ని పిల్ల తల మీద పెట్టొద్దు.

ఇక్కడ నేను అక్క పక్షం. సీమ గురించి మాట్లాడేటప్పుడు మనం నీళ్ల దగ్గర మొదలుపెట్టి నీళ్ల దగ్గరే ఆగిపోతాం. ఆ బాధ నిజమైనదే. కానీ ఆ బాధ బరువును పిల్లలకు కూడా ఎత్తి, వాళ్ల సొంత ఇష్టాలకు చోటు లేకుండా చేస్తే అది ఇంకో రకం కరువు. ప్రయాణంలో ప్రతి మనిషికీ తనదైన ఒక చోటు ఉండాలి. అమ్మను కూడా అడగాలి. అడిగితే ఆమె, పెద్ద చర్చిలో కాసేపు కూర్చోనిస్తారా అంది. ఆమె చిన్నప్పుడు కర్నూలు మిషన్ స్కూల్లో చదువుకుంది. వాటికన్‌లో సెయింట్ పీటర్స్ చర్చికి టికెట్టు లేదు, లోపలికి పోవడానికి మాత్రం వరుస ఉంటుంది. పొద్దున్నే పోతే తక్కువ.

తమ్ముడు: రెండు రాత్రులు ఎక్కువ ఫ్లారెన్స్‌కు.

అక్క: రెండు రాత్రులే. రోమ్‌లో ఐదు, ఫ్లారెన్స్‌లో రెండు, వెనిస్‌లో మూడు. రోమ్‌లో దిగుతాం, వెనిస్ నుంచి ఎక్కుతాం, వెనక్కి వచ్చే పని లేదు. రోమ్ నుంచి ఫ్లారెన్స్‌కు రైల్లో గంటన్నర, అక్కడి నుంచి వెనిస్‌కు రెండు గంటల పైన కొంచెం. ఏప్రిల్ 25, మే 1 వాళ్లకు పండగలు, జనం ఉంటారు. మే 3న బయల్దేరుతాం.

తమ్ముడు: వెనిస్‌లో వంతెనలు దాదాపు అన్నీ మెట్లే, నాలుగు వందల పైన ఉంటాయి. అమ్మకు రూము పడవ ఆగే రేవు పక్కనే తీసుకో. డబ్బు కొంచెం పోయినా పోనీ. పెట్టెలు చిన్నవి పెట్టుకో. వీసాకు ఆరు నెలల ముందు నుంచే అర్జీ పెట్టొచ్చు, హైదరాబాదుకు పోయి పన్నెండేండ్లు నిండినోళ్లందరూ వేలిముద్రలు ఇయ్యల్ల. పెద్దోళ్లకు 90 యూరోలు, ఆరు నుంచి పన్నెండేండ్ల లోపు పిల్లోళ్లకు సగం. ముప్పై వేల యూరోలకు తక్కువ కాకుండా ఇన్సూరెన్సు అడుగుతారు. అమ్మ నెయ్యి డబ్బా పెడతానంటాది, పెట్టనీయొద్దు. పాలతో చేసినవి, మాంసం లోపలికి రానియ్యరు. పొడులు, ఊరగాయ పెట్టుకోండి. మామిడిపండ్లు వద్దు.

అక్క: వద్దు వద్దంటానే అన్నీ చదివి పెట్టుకున్నావే. ఇప్పుడు నా షరతు విను. వీసా కాగితాలు పెట్టకముందే ఒక ఆదివారం పోరుమామిళ్లకు పోవల్ల, అందరం. చెరువు కట్ట మీద నిలబడి ఆ పన్నెండు అంగాలూ ఆరు దోషాలూ పిల్లోళ్లకు నువ్వు చెప్పల్ల. నేను చెప్తే పాఠం అయితాది.

తమ్ముడు: చెప్తా. కట్ట తూములు కూడా చూపిస్తా. కట్టకు, తూములకు రాళ్లు మోసేకే నూరు బండ్లు పెట్టిరి.

అక్క: రోమ్‌లో కమానుల కింద కూడా నువ్వే చెప్పల్ల. ఫ్రాంటినస్ గురించి నాకు తెలీదు అన్నా కదా.

తమ్ముడు: ఫ్లారెన్స్ తీసేసి టివోలీ పెడితే వస్తా.

అక్క: తియ్యను. టివోలీ రోమ్ నుంచి ఒక పూటలో పోయి రావచ్చు, అది పెడతా. మేలో కాలువకు నీళ్లు ఇడవరు, మరమ్మతు బిల్లులు జూన్‌లో రాసుకోవచ్చు. లీవుకు అర్జీ పెట్టు.

తమ్ముడు: నా పాస్‌పోర్టు గడువు దాటి నాలుగేండ్లాయె.

అక్క: కడప హెడ్ పోస్టాఫీసులోనే పాస్‌పోర్టు కేంద్రం పెట్టినారు కదా. ఈ పొద్దే స్లాటు బుక్ చెయ్యి. పాతది దొరకలేదంటే చెప్పు, అమ్మ బీరువాలో నేను వెతుకుతా.